ఆఫీసు వెనక నీలం డ్రమ్ము

ఈ మధ్య మా వీధికి ఆరోగ్యశాఖ అమ్మాయి ఒకతె వచ్చింది. పూలకుండీ కింద పళ్లెం లాగి చూసి, ఫోనులో దాని ఫొటో తీసుకుని, "నీళ్లు నిలవ ఉంచకూడదు తాతగారూ, దోమలు పుడతాయి" అని నాకు చెప్పి వెళ్లింది. ముప్ఫై మూడేళ్లు ఊరూరా తిరిగి ఆ ముక్కే చెప్పి రిటైరైనవాణ్ణి నేను. కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే ఆ పళ్లెంలో నిజంగానే పురుగులున్నాయి.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు అంటారు. నా విషయంలో బల్లి పడటం ఇది రెండోసారి. మొదటిసారి తొట్టి కాదు, నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము. మునిగింది కూడా నేను కాదు, వేరేవాళ్లు. కొత్తగా ఈ ఉద్యోగంలోకొచ్చిన పిల్లలు చదువుతారేమోనని ఇది రాస్తున్నాను. చదవకపోయినా ఏమనుకోను. పైనుంచి వచ్చిన కాయితాలు మేమూ చదివేవాళ్లం కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నన్ను దివిసీమ చివర, ఉప్పుగాలి తగిలేంత దూరంలో ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి సూపర్‌వైజరుగా వేశారు. బందరులో ఇల్లు, గుడివాడలో అత్తగారిల్లు ఉన్నవాడికి అది శిక్ష కిందే లెక్క. "అక్కడ గాలి మంచిదయ్యా" అన్నారు వేసినవారు. గాలి మంచిదే, నీళ్లే లేవు. బోరు వేస్తే ఉప్పు. కాలువ నీళ్లు పైఊళ్లవాళ్లు చేలు తడుపుకుని, గేదెల్ని కడుక్కుని, ఇంకా మిగిలితే మా దాకా వచ్చేవి. వారానికోసారి ట్యాంకరు వచ్చేది. దాని హారను వినపడితే తాళి కట్టబోయే పెళ్లికొడుకైనా ఆగి బిందె పట్టుకుని పరిగెత్తాల్సిందే. అందుకని ప్రతి ఇంటి ముందూ డ్రమ్ములు, సిమెంటు తొట్లు, బిందెలు, చివరికి పాత వలలు ఉడకబెట్టే గంగాళాలు కూడా నీళ్లతో నిండి ఉండేవి.

డెంగ్యూ అనే మాట మాకప్పటికి కొత్త. మలేరియా అంటే ఇంట్లో మనిషి, దాని మంచీ చెడ్డా తెలుసు. ఈ కొత్త జ్వరం గురించి బందరులో మాకు ఒక రోజు శిక్షణ ఇచ్చారు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పులిహోర, మధ్యలో కాస్త డెంగ్యూ. కాళ్ల మీద తెల్ల చారలుండే దోమ, పగలు కుడుతుంది, మురుగులో కాదు మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమవడానికి వారం పదిరోజులు చాలు అని చెప్పారు. అన్నీ శ్రద్ధగా రాసుకున్నాం. తిరిగొచ్చి, ఎప్పటిలాగే మురుగుకాలవల్లో మందు కొట్టి, సాయంత్రం పొద్దుగూకాక వీధుల్లో పొగ పెట్టాం. పగలు కుట్టి ఇంటికెళ్లి పడుకున్న దోమకి సాంబ్రాణి వేసినట్టన్నమాట.

ఆ పొగ పెట్టే మనిషిని అందరూ పొగబావ అనేవారు. ఫీల్డు వర్కరు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఊళ్లో ముసలాళ్ల నుంచి చంటిపిల్లల దాకా ఆయన అందరికీ బావే. మిషను భుజాన తగిలించుకుని, అది గర్జిస్తుంటే వీధిలో నడిచొచ్చేటప్పుడు ఆయన్ని చూడాలి, దేవుడు ఊరేగుతున్నట్టుండేది. ప్రజలకీ పొగంటేనే ఇష్టం. ఇంటింటికీ తిరిగి డ్రమ్ము మూతలు చూసే నన్ను చూస్తే తలుపేసుకునేవాళ్లు. పొగ రాకపోతే మాత్రం ప్రెసిడెంటుగారికి ఫిర్యాదు వెళ్లేది.

"బావా, ఈ పొగతో డెంగ్యూ దోమ చావదట" అన్నానొకసారి.

"దోమ చావకపోతే చావకపోయింది బావా, జనానికి ధైర్యం వస్తుందిగా" అన్నాడాయన.

ఇంతలో పైనుంచి ఉత్తర్వు దిగింది. ప్రతి శుక్రవారం డ్రై డే. ఇళ్లల్లో ఉన్న పాత్రలన్నీ ఖాళీ చేయించి, తోమించి, ఆరబెట్టించి, ఆ తర్వాతే నీళ్లు పట్టించాలి. ఉత్తర్వు రాసిన మహానుభావుడు ఎవరోగానీ, ఆయనింట్లో ఆడవాళ్లు లేరని మాత్రం రూఢిగా చెప్పగలను. మొదటి శుక్రవారం పొద్దున్నే జాలరిపేటలో మొదటి ఇంటికెళ్లాను. గడపకి పసుపు రాసి, ముగ్గేసి, తలంటుకుని నిలబడి ఉందొక పెద్దామె.

"అమ్మా, ఆ బిందెలన్నీ వంచేసి బోర్లించాలి" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందకి చూసింది. "శుక్రవారం పూట నిండు బిందె బోర్లించమంటావేంటయ్యా? మా ఇంట్లో ఎవరైనా పోయారా?"

"గవర్నమెంటు ఆర్డరమ్మా."

"అయితే గవర్నమెంటు ఇంట్లో బోర్లించుకోమను."

ఆ వీధిలో ఒక్క బిందె వంగలేదు. పైగా ట్యాంకరు వచ్చేది గురువారం సాయంత్రం. పట్టుకున్న నీళ్లు తెల్లారేసరికి పారబొయ్యమంటే ఎవరు వింటారు? రోజు మార్చమని పైకి రాశాను. ఉత్తర్వులో శుక్రవారం అని ఉన్నందున శుక్రవారమే జరపవలెనని జవాబొచ్చింది. మేమూ జరిపాం. కాయితం మీద ప్రతి శుక్రవారం మండలంలో నీటిచుక్క మిగలకుండా ఆరబెట్టేశాం. నా చేతివ్రాత బాగుంటుందని ఆ రిపోర్టులు నాతోనే రాయించేవారు.

ఇక మా ఆయమ్మ. పొద్దున్నే వచ్చి ఆసుపత్రి ఊడ్చి, నీళ్లు పట్టి, మధ్యాహ్నం నుంచి ఎండుచేపల గంప నెత్తినెత్తుకుని ఊళ్లమ్మట తిరిగే మనిషి. పర్మనెంటు కాదు. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆఫీసు వెనక, రోగులు కూర్చునే వరండాకి ఆనుకుని నీలం డ్రమ్ముండేది. చేతులు కడుక్కోవడానికీ, మిషను కడగడానికీ అందులోంచే నీళ్లు. దాని మూత ఎప్పుడో మాయమైంది. ఎక్కడుందని నేనెప్పుడూ అడగలేదు. ఊళ్లో ఎవరి డ్రమ్ముకి మూత లేదో మాత్రం నాకు కంఠతా వచ్చు.

ఒకరోజు నేను గోడకి దోమల బొమ్మల చార్టు తగిలిస్తుంటే ఆయమ్మ చీపురు పట్టుకుని వచ్చి నిలబడింది.

"సారూ, ఈ తోకాడించే పురుగులు మన డ్రమ్ములో ఉన్నాయండి."

"ఏ డ్రమ్ములో?"

"మన వెనక డ్రమ్ములోనేనండి. బొమ్మలో ఉన్నట్టే తల కిందకెట్టుకుని వేలాడతన్నాయి. పారబొయ్యమంటారా?"

నేను కుర్చీ మీద నిలబడి ఉన్నాను. మేకు వంకరపోయింది, చిరాగ్గా ఉంది. పైగా అది శుక్రవారం, ట్యాంకరు మళ్లీ వారానికిగానీ రాదు. "ఆరోగ్యశాఖ డ్రమ్ములో దోమలు పుడతాయా ఆయమ్మా? అంత ధైర్యమా వాటికి? అవేవో నీటిపురుగులయ్యుంటాయి, నువ్వెళ్లి వరండా ఊడువు" అన్నాను. అక్కడున్న వాళ్లందరూ నవ్వారు. నవ్వించగలిగానని నాకు సంతోషం కూడా వేసింది. ఆమె నవ్వలేదు. వెళ్లి వరండా ఊడ్చింది.

ఆలోచించండి. చుట్టుపక్కల ఊళ్లల్లో జ్వరం వచ్చినవాళ్లంతా వచ్చి గంటలకొద్దీ కూర్చునేది ఆ వరండాలో. దోమ పుట్టేది ఆ గోడకి అవతల. జ్వరం ఉన్నవాణ్ణి కుట్టి, లేనివాడికి అంటించడానికి దోమకి అంతకంటే సదుపాయం ఏ దేశంలోనైనా ఉంటుందా? దాన్ని కట్టించి ఇచ్చింది మేమే.

మూడు వారాలు తిరక్కుండానే పొగబావకి జ్వరం వచ్చింది. కళ్ల వెనక పోట్లు, ఒళ్లంతా కర్రతో కొట్టినట్టు నొప్పులు. ఆసుపత్రిలో పనిచేసే మనిషి కాబట్టి ఆసుపత్రికి రాలేదు. ఊళ్లో సూదిమందు వేసే ఆయన దగ్గరికెళ్లి నొప్పులకి రోజుకో ఇంజక్షను చేయించుకున్నాడు. ఆ జ్వరంలో అలాంటి నొప్పిమందులు రక్తం కారేలా చేస్తాయని మాకు శిక్షణలో చెప్పారు. బహుశా పులిహోర వడ్డిస్తున్నప్పుడు చెప్పి ఉంటారు.

అయిదో రోజు శుక్రవారం. మా డ్రై డే గొప్పగా జరుగుతోందని రిపోర్టుల్లో చదివిన జిల్లా అధికారి ఒకాయన అదేదో కళ్లారా చూద్దామని జీపులో వచ్చారు. ఆ రోజే ఆయమ్మ రాలేదు. వరండా ఊడ్చి లేదు, అధికారి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. రిజిస్టరు తీసి ఎర్రసిరాతో ఆబ్సెంటు వేశాను. అప్పుడే పొగబావ నవ్వుకుంటూ వచ్చాడు.

"తగ్గిపోయింది బావా! తెల్లారేసరికి ఒళ్లు చల్లబడింది. ఆఫీసరుగారికి మిషను ఆడించి చూపిద్దామని వచ్చేశాను."

"ఉక్కుముక్కవి బావా నువ్వు" అన్నాను. అధికారి కూడా, ఇలాంటి ఉద్యోగులే శాఖకి వెన్నెముక అన్నారు. ఆ వెన్నెముక మిషను ఎత్తబోయి, కడుపు పట్టుకుని గోడకి జారగిలబడింది. తర్వాత వాంతి చేసుకుంది. పైత్యం చేసిందిలే అనుకున్నాం అందరం.

మాకొక డాక్టరమ్మ ఉండేది. చదువు ముగించి కొత్తగా వచ్చింది. చిన్నపిల్ల, దీనికేం తెలుసులే అని మేమంతా అనుకుని ఊరుకునేవాళ్లం. ఆమె పరిగెత్తుకొచ్చి బావ చెయ్యి పట్టుకుంది. బీపీ పట్టీ జబ్బకి కట్టి, గాలి కొట్టి, అయిదు నిమిషాలు అలాగే ఉంచింది. విప్పేసరికి మోచేతి కింద సన్నగా ఎర్రటి చుక్కలు, లెక్కపెట్టలేనన్ని.

"బందరు తీసుకెళ్లాలి. ఇప్పుడే" అంది.

"జ్వరం తగ్గిందిగా మేడమ్?" అన్నాను.

"తగ్గింది కాబట్టే భయమండీ. ఈ జ్వరం ఉన్నప్పుడు కాదు, దిగేటప్పుడు లాగేస్తుంది మనిషిని. కడుపునొప్పి, వాంతులు, చల్లటి చేతులు, ఇంకేం కావాలి? నాడి చూడండి, అందుతోందా?"

నాడి చూశాను. అందీ అందకుండా ఉంది. అప్పుడు వేసింది నాకు భయం.

అధికారి గడియారం చూసుకున్నారు. "జీపంటే... నా ప్రోగ్రాములో ఇంకా రెండు ఊళ్లున్నాయమ్మా, డెంగ్యూ మీద."

"సార్, మీరు చూడటానికొచ్చిన డెంగ్యూ ఇదేనండీ" అంది ఆ చిన్నపిల్ల.

పాపం, ఆయన మంచివాడే. తాళాలు డ్రైవరుకిచ్చేశారు. నేను, డాక్టరమ్మ, కాంపౌండరు, నర్సమ్మ, బావ భార్య అందరం జీపెక్కాం. ఆసుపత్రికి తాళం వేసి మరీ వెళ్లాం. సెలైను సీసా పైకెత్తి పట్టుకునే ఉద్యోగం నాది. ఆ రోడ్డు మీద మోపిదేవి దాటి, చల్లపల్లి దాటి బందరు చేరేదాకా చెయ్యి దించలేదు. చెయ్యి దించితే బావ పోతాడనే అనుకున్నాను. ఆయన మధ్యమధ్యలో కళ్లు తెరిచి, "మిషనులో పెట్రోలు తీసెయ్ బావా, ట్యాంకు పాడైపోద్ది" అంటున్నాడు. ఆయన భార్య మాత్రం నన్నే చూస్తోంది. "అన్నయ్యా, రోజూ దోమల్ని చంపే మనిషికి దోమ కాటేంటి అన్నయ్యా?" అందోసారి. నేను సీసా ఇంకాస్త పైకెత్తాను.

బందరులో రెండు రోజులు డాక్టర్లు గంటగంటకీ నాడి చూస్తూ, సెలైను పెంచుతూ తగ్గిస్తూ కాపాడారు. మూడో రోజు పొద్దున బావ కళ్లు తెరిచి "చారన్నం ఉందా" అనడిగాడు. ఆయన భార్య వరండాలోకి వచ్చి గోడకి తల ఆనించి భోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

తిరిగొచ్చాక ఆ దోమ ఎక్కడ పుట్టిందో కనుక్కుని రిపోర్టివ్వమన్నారు. బావ ఇల్లు వెతికాను. అద్దంలా ఉంచుకుంది ఆ ఇల్లాలు, మూత లేని చెంబు కూడా లేదు. చుట్టుపక్కల ఇళ్లు వెతికాను. ఏమీ దొరక్క అలిసిపోయి, మధ్యాహ్నం ఆఫీసు వెనక్కెళ్లి కాళ్లు కడుక్కుందామని చెంబు ముంచాను. చెంబులో తోకాడిస్తూ పైకీ కిందకీ తిరుగుతున్నాయి. డ్రమ్ములోకి తొంగి చూశాను. అంచు మీంచి రెండు చారల కాళ్ల దోమలు లేచి నా మొహం మీదుగా వెళ్లాయి. ఆయమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. డ్రమ్ము వంచేసి బోర్లించాను. లోపలికెళ్లి రిపోర్టులో "దోమల ఉత్పత్తి స్థానం తెలియరాలేదు" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. అక్కడితో ఊరుకోకుండా "సిబ్బంది నివారణ చర్యలు పకడ్బందీగా తీసుకుంటున్నారు" అని కూడా కలిపాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అలాంటిదే.

ఆయమ్మ ఎనిమిది రోజులు రాలేదు. బందరులో ఉన్న రోజులకి కూడా కలిపి, నేను ఎనిమిది రోజులూ ఆబ్సెంటు వేశాను. క్రమశిక్షణంటే క్రమశిక్షణే కదా. తొమ్మిదో రోజు వచ్చింది, సగమైపోయి, గోడ పట్టుకుని నడుస్తూ.

"ఏ పెళ్లికెళ్లావమ్మా, చెప్పాపెట్టకుండా?" అన్నాను.

"ఒంట్లో బాలేదండి."

"ఆసుపత్రిలో పనిచేస్తా ఒంట్లో బాలేకపోతే ఆసుపత్రికి రావాలని తెలీదా?"

ఆమె ఆఫీసు వెనక్కెళ్లింది. బోర్లించి ఉన్న డ్రమ్ముని కాసేపు చూసింది. కొబ్బరిపీచు తీసుకుని లోపలంతా గరగరా తోమడం మొదలుపెట్టింది. గుడ్లు గోడకి అంటుకుని ఉంటాయనీ, వంచితే చాలదు తోమాలనీ నేను ఊరంతా చెప్పేవాణ్ణి. ఆమె ఒక్కతే విన్నట్టుంది.

ఆ తర్వాత ప్రతి గురువారం మధ్యాహ్నం, ట్యాంకరు రాకముందు ఆమె ఆ డ్రమ్ము తోమడం చూశాను. "గురువారమే ఎందుకు?" అనడిగాను.

"శుక్రవారం పూజకి గురువారమేగండీ ఇంట్లో బిందెలన్నీ చింతపండేసి తోముకునేది. నీళ్లూ అడుగుకెళ్లిపోతాయి అప్పటికి. అదే చేత్తో ఇదీను."

ఇంత చిన్న సంగతి. డ్రై డే గురువారానికి మార్చేశాను, కాయితాల్లో శుక్రవారమనే రాసుకుంటూ. జాలరిపేటలో ఒక్క ఇల్లాలు కూడా కాదనలేదు, వాళ్లెలాగూ చేసే పనే కాబట్టి. ఆ వానాకాలం మా ఊళ్లో మళ్లీ డెంగ్యూ మాట వినపడలేదు. జెండా పండగనాడు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆయమ్మ కుర్చీలు వేసింది.

కొన్నేళ్లకి పొగబావ రిటైరయ్యాడు. ఆఫీసులోనే చిన్న సభ. బావ మైకు పట్టుకుని, "ఈ రోజు నేనిలా నిలబడ్డానంటే నా బావ చలవ. బందరు దాకా సీసా దించకుండా పట్టుకున్నాడు" అని నన్ను కావిలించుకున్నాడు. చప్పట్లు. నేను చేతిలో లడ్డూ పక్కన పెట్టేశాను. సభయ్యాక ఆయన్ని వెనక్కి తీసుకెళ్లి, డ్రమ్ము పక్కన నిలబడి, ఉన్నదంతా కక్కేశాను. ఆయమ్మ చెప్పడం, నేను ఎగతాళి చేయడం, తర్వాత ఎవరూ చూడకుండా వంచేయడం, అన్నీ.

బావ డ్రమ్ము మీద చెయ్యేసి నా మొహంలోకే చూశాడు. కొడతాడేమో అనుకున్నాను.

"మూత ఏమైందో తెలుసా నీకు?" అన్నాడు చివరికి. "నేనే తీశాను. మిషను కింద నూనె కారుతుంటే దానికింద పెట్టుకున్నాను. ఆయమ్మ నన్ను కూడా రెండుసార్లు అడిగింది, మూత ఇచ్చెయ్యి బావా అని. తర్వాత చూద్దాంలే అన్నాను. ఇన్నేళ్లూ నేను నీకు చెప్పలేక చచ్చాను."

ఇద్దరం ఒకర్నొకరు చూసుకున్నాం. నవ్వొచ్చింది. ఎంత తేలికైందో గుండె! "తిలా పాపం తలా పిడికెడు బావా. సగం నీది, సగం నాది. లెక్క సరిపోయింది" అన్నాడాయన, నా భుజం మీద చరుస్తూ.

ఆయమ్మ అక్కడే ఎంగిలి గ్లాసులు కడుగుతోంది. తల ఎత్తకుండానే అంది:

"మరి నాకొచ్చిన జ్వరం ఎవరి వాటాలో వేస్తారండీ?"

మాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"ఆ శుక్రవారమేనా?" అన్నాను.

"ఆ ముందురోజు నుంచేనండి. పళ్లమ్మట రక్తం వచ్చింది రెండు రోజులు. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చిందండి ఇక్కడికి. తాళం వేసుందంట. అందరూ బావగారితో బందరెళ్లారని చెప్పారంట. మళ్లీ ఇంటికొచ్చి గంజి, మజ్జిగ పట్టింది. ఏదో, నూకలున్నాయి."

"వచ్చిన రోజే చెప్పొచ్చుగా ఆయమ్మా!"

"పురుగులున్నాయని చెప్పాగండీ" అని, గ్లాసులు బోర్లించి లోపలికెళ్లిపోయింది.

బావని డ్రమ్ము దగ్గరే వదిలేసి నేను ఆఫీసులోకెళ్లి, బీరువా అడుగు నుంచి ఆ ఏటి హాజరుపట్టీ తీశాను. ఎందుకు తీశానో తెలీదు. దిద్దడానికి వీల్లేదు, దిద్దితే నేరం. ఆ నెల పేజీ దొరికింది. ఎనిమిది ఆబ్సెంట్లు, వరసగా, ఎర్రసిరాతో, ఒక్క కొట్టివేత లేకుండా. కింద నా సంతకం. చేతివ్రాత ఎంత బాగుందో.